దేవుడు వద్దన్నాడని చెప్పాను

మొదట స్తోత్రం. పొద్దున లేవగానే నా నోట మాట ఉంచే దేవునికి, ఆ మాటను నేను పాడుచేసినా నాలుకను వెనక్కి తీసుకోని దేవునికి స్తోత్రం. ఆయన ఓర్పు లేకపోతే ఈ కాగితం ముందు కూర్చునే ధైర్యం నాకు లేదు. ఆయన మౌనంగా ఉన్న రోజులకు కూడా స్తోత్రం చెల్లిస్తున్నాను. ఎందుకంటే నేను రాయబోయేది, ఆయన ఏమీ చెప్పని రోజున ఆయన చెప్పాడని నేను చెప్పిన సంగతి. మహిమ ఆయనది. తప్పు నాది.

మా తెలుగు సహవాసం టెక్సస్‌లోని కాపెల్ అనే ఊళ్ళో, ఒక అమెరికన్ చర్చి భవనంలో కూడుకుంటుంది. ఉదయం ఆరాధన వాళ్ళది, మధ్యాహ్నం రెండు గంటలకు మాది. నలభై కుటుంబాలుంటాం, దాదాపు అందరం సాఫ్ట్‌వేర్ వాళ్ళమే. నేను ఆరేళ్ళు సెక్రెటరీగా ఉన్నాను. హాలు బుక్ చేయడం, తాళాలు తీయడం, ఉత్తరాలు రాయడం, ఆరాధన మధ్యలో ప్రార్థన విన్నపాలు చదవడం నా పని. ఆ విన్నపాల్లో సగం వీసాలే. హెచ్-1 ఎక్స్‌టెన్షన్ కోసం, స్టాంపింగ్ కోసం, ఆగిపోయిన గ్రీన్ కార్డ్ కోసం. నా పేరు కూడా ఆ జాబితాలో ఏళ్ళ తరబడి ఉంది. నా పేరు నేనే చదువుకునేవాణ్ణి.

ఒక ఆదివారం చివరి వరసలో కొత్త మనిషి కూర్చున్నాడు. అరవైకి దగ్గరలో ఉంటాడు, పొట్టివాడు, వెన్ను కుర్చీకి ఆనించకుండా నిటారుగా కూర్చున్నాడు. చూడగానే మనవాడు కాదని తెలుస్తుంది. కానీ పాట మొదలవగానే పుస్తకం తెరవకుండా నాలుగు చరణాలూ తెలుగులో పాడాడు. రాగం మాత్రం పాతది, మా నాయనమ్మ కాలంలో విన్నది. ఆరాధన తర్వాత భోజనాల దగ్గర నేను పలకరించాను.

"ఎక్కడ నేర్చుకున్నారు సార్?"

"రంగూన్లో తమ్ముడూ. మా ఈది సివర తెలుగోళ్ళ సర్చి ఉండీది. మా యమ్మ పన్లోకెల్తే పక్కింటి మామ్మ నన్ను సంకనేసుకొని అక్కడికెల్లీది. పాటలన్నీ వచ్చీసినాయి. భాష సగమే వచ్చింది."

పక్కనే అన్నం వడ్డిస్తున్న నా భార్య నవ్వింది. "మీ సగమే మా పిల్లల తెలుగు కన్నా ఎక్కువుంది సార్."

ఆయన ప్లేటు ఎడమ చేత్తో పట్టుకున్నాడు. కుడి చేతికి రెండు వేళ్ళు లేవు. "నువ్వేనా తాళాలోడివి?" అని అడిగాడు నన్ను.

"అవును సార్."

"శనివారం పొద్దున్న ఈ హాలు కావాల."

"ఏం చేస్తారు సార్?"

"మిలిటరీ అకాడమీ పెడతాను."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఆయన బర్మా సైన్యంలో మేజరు. కొత్త ఆఫీసర్లను తయారుచేసే కాలేజీలో పాఠాలు చెప్పినవాడు. సైన్యం దేశాన్ని చేతిలోకి తీసుకున్నాక, ఆ సైన్యాన్ని వదిలి దాని మీద తిరగబడిన వాళ్ళలో కలిశాడు. అడవిలో కొన్నాళ్ళు పోరాడి, వేళ్ళు పోగొట్టుకుని, సరిహద్దు దాటి, శరణార్థిగా టెక్సస్ చేరాడు. ఇక్కడ ఫ్యాక్టరీలో పగలు పని చేసేవాడు. సెలవు రోజున స్కూలు నడపాలన్నది ఆయన పట్టుదల. విద్యార్థులు ఆయనలాగే అక్కడినుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు, పద్దెనిమిది నుంచి పాతికేళ్ళ వాళ్ళు. ఎప్పుడో ఒకనాడు దేశం తిరిగి తమ చేతికి వస్తుందని, ఆ రోజుకు మంచి ఆఫీసర్లు ఉండాలని ఆయన నమ్మకం.

మా హాల్లో నేల మీద నీలం టేపు అంటించి పెరేడ్ గ్రౌండ్ గీశాడు. తుపాకీ లేదు. కర్ర తుపాకీ కూడా ఉండకూడదన్నాడు. "పట్టుకోడం నేర్పీవోళ్ళు అక్కడ సానామంది ఉన్నారు. దించడం నేర్పీవోడు ఒక్కడూ నేడు," అన్నాడు. మ్యాపు చదవడం, గాయానికి కట్టు కట్టడం, పట్టుబడిన శత్రువుకు నీళ్ళివ్వడం, జరిగింది జరిగినట్టు రిపోర్టు రాయడం, ఇవే పాఠాలు. తాళం తీయడానికి వెళ్ళిన నేను మెల్లగా అక్కడే కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. తర్వాత ఆయన చెబుతుంటే అకాడమీ నియమాల పుస్తకం నేనే నా లాప్‌టాప్‌లో టైప్ చేశాను.

అందులో మొదటి నియమం ఇది. ఎవరి ఆర్డరో చెప్పకుండా ఆర్డరు అందించకూడదు. తన ఆర్డరును పైవాడి ఆర్డరని చెప్పినవాడు ఆ రోజే అకాడమీ వదలాలి.

"మొదటి తప్పుకే పంపించేస్తారా సార్? ఒక వార్నింగ్ ఇవ్వొచ్చు కదా," అన్నాను.

 ఆయన ఆ నియమం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాడు. ఒక పట్టణంలో ఊరేగింపు వస్తోంది. కాల్చమని పైనుంచి ఆర్డరు వచ్చిందని ఈయన పై అధికారి, ఒక కల్నల్, చెప్పాడు. ఈయన తన సైనికులకు అదే మాట అందించాడు, పైనుంచి వచ్చింది అని. వాళ్ళు కాల్చారు. కొన్ని రోజుల తర్వాత వైర్‌లెస్ గదిలో పనిచేసే గుమాస్తా ఒకడు నిజం చెప్పాడు. ఆ రోజు పైనుంచి ఏ ఆర్డరూ రాలేదు. కల్నల్ జనాన్ని చూసి భయపడ్డాడు. తన భయానికి పైవాళ్ళ పేరు పెట్టాడు. ఆ వారమే ఈయన బ్యారక్ వదిలి అడవికి వెళ్ళిపోయాడు.

"దానికి వార్నింగు ఉండదు తమ్ముడూ," అన్నాడు. "సచ్చిపోయినోల్లకి రెండోసారి ఉండదు కదా."

నేను ఆ వాక్యాన్ని అలాగే ఉంచి, సేవ్ చేశాను.

శనివారాలు ఆ హాలు అంతా ఒకే ప్రశ్న మోగేది. ఒక కేడెట్ ఇంకొకరికి ఆర్డరు అందించగానే వరసలో ఉన్నవాళ్ళందరూ కలిసి "ఎవరి ఆర్డర్?" అని అడగాలి. పేరు చెప్పాకే కదలాలి. ఆ వరసకు ముందు ఒక అమ్మాయి నిలబడేది, పంతొమ్మిదేళ్ళుంటాయి, డోనట్ షాపులో పనిచేసేది. ఆ అమ్మాయి గొంతు పార్కింగ్ దాకా వినిపించేది. మా ఇంట్లో కూడా ఆ మాట వాడుకలోకి వచ్చేసింది. చెత్తబుట్ట బయట పెట్టమని నా భార్య అంటే "ఎవరి ఆర్డర్?" అనేవాణ్ణి. "నాదే, లే," అనేది.

ఇరవై ముగ్గురు కేడెట్లయ్యాక హాలు ఇరుకైంది. అప్పుడే ఒక అవకాశం వచ్చింది. మాకు గంట దూరంలో, పొలాల మధ్య, ఒక చిన్న అమెరికన్ సంఘానికి మూతబడ్డ స్కూలు భవనం ఉంది. ఆరు గదులు, వెనక పెద్ద మైదానం. ఆ సంఘంలో మిగిలింది కొద్దిమంది ముసలివాళ్ళు. భవనం ఖాళీగా ఉండటం వాళ్ళకు ఇష్టం లేదు. ఆయన్ని చూశారు, పిల్లల్ని చూశారు, వాడుకోమన్నారు. ఒకే ఒక్క షరతు. మేం మిమ్మల్ని ఎరగం, మిమ్మల్ని ఎరిగిన సంఘం ఏదైనా "ఈయన్ని మేం ఎరుగుదుం, ఈ పని మంచిది" అని సంతకం చేసి ఉత్తరం ఇస్తే చాలు, వచ్చే నెల మొదటి ఆదివారం మేం ఓటు వేసుకుంటాం అన్నారు.

ఇక్కడున్న ఆయన సొంత బర్మా సంఘంవాళ్ళు సంతకం పెట్టలేకపోయారు. వాళ్ళ తల్లిదండ్రులు, అన్నదమ్ములు ఇంకా అక్కడే ఉన్నారు. పేరు బయటికి వస్తే అక్కడ వాళ్ళ ఇళ్ళ మీదకు సైన్యం వెళ్తుంది. వాళ్ళ భయం నిజమైన భయం. మిగిలింది మా సంఘం. మా పాస్టర్ గారు నా భుజం మీద చెయ్యి వేసి, "ఆయన్ని బాగా ఎరిగింది మీరే బ్రదర్. మీరే రాసి సంతకం పెట్టండి," అన్నారు.

ఉత్తరం రాయడానికి నాకు పది నిమిషాలు పట్టింది. సంతకం దగ్గర చెయ్యి ఆగిపోయింది. నా గ్రీన్ కార్డ్ అప్లికేషన్ ఆఖరి మెట్టు మీద ఉంది. పదకొండేళ్ళ నిరీక్షణ. ఆఫీసులో నాతో పనిచేసే స్నేహితుడికి లంచ్‌లో విషయం చెప్పాను.

"మిలిటరీ అని రాసున్న పేపర్ మీద నువ్వు సైన్ చేస్తవా?" అన్నాడతను స్పూన్ కింద పెట్టి. "నీకేమన్న పిచ్చా అన్నా? నీ కేస్ పెండింగ్‌ల ఉంది. రేపు ఎవడన్న గూగుల్ చేస్తే ఏం చెప్తవ్?"

"చర్చి ఉత్తరమే కదరా."

"చర్చిదైతే చర్చిల ఇంకెవ్వరు లేరా? సిటిజన్ ఎవరన్న ఉంటే ఆయనతోని పెట్టించు. నువ్వైతే సప్పుడు చెయ్యకు."

లాయర్‌ను ఒక్క మాట అడిగితే తేలిపోయేది. అడగలేదు. మా సంఘంలో పౌరసత్వం ఉన్నవాళ్ళు ముగ్గురున్నారు. వాళ్ళనూ అడగలేదు. అడిగితే నేను భయపడుతున్నానని తెలిసిపోతుంది. సెక్రెటరీకి విశ్వాసం తక్కువైందని అనుకుంటారు.

మరుసటి శనివారం ఆయన ఉత్తరం గురించి అడిగాడు. నేనన్నాను, "ప్రార్థన చేసి చెప్తాను సార్."

మనలో ఈ మాట వాడని విశ్వాసి ఉండడు. పెళ్ళి సంబంధం నచ్చకపోయినా, మీటింగుకు రావడం ఇష్టం లేకపోయినా, కానుక అడిగినా, ప్రార్థన చేసి చెప్తానంటాం. అడిగినవాళ్ళకు అర్థమైపోతుంది. మళ్ళీ అడగరు. ఆయనకు ఆ అలవాటు తెలియదు. ఆయన నిటారుగా నిలబడి, "మంచిది. అడిగి సెప్పు," అన్నాడు. ఆ రెండు వారాలు ఆయన నా మీద ఒక్క ఒత్తిడీ తేలేదు. దేవుడికీ నాకూ మధ్య అడ్డు రాకూడదనుకున్నాడు.

నేను ప్రార్థన చేయలేదు. ఇది రాయడానికే ఈ కాగితం తీశాను. పొద్దున, సాయంత్రం ఇంట్లో ప్రార్థన జరిగింది, పిల్లల పరీక్షల కోసం, నా కేస్ కోసం చేశాను. ఈ ఒక్క సంగతి దగ్గరికి వచ్చేసరికి ఆమెన్ చెప్పేసేవాణ్ణి. మరిచిపోయి కాదు. అడిగితే సంతకం పెట్టమంటాడని తెలిసే అడగలేదు.

ఓటు వేసే ఆదివారానికి ముందు రోజు, క్లాసు అయ్యాక, పార్కింగ్‌లో నా కారు దగ్గరికి వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు, అందులో నేను రాసి, సంతకం పెట్టకుండా ఇచ్చిన ఉత్తరం.

"దేవుడు ఏటన్నాడు తమ్ముడూ?"

ఇంకా టైం కావాలని చెప్పవచ్చు. భయంగా ఉందని చెప్పవచ్చు. అలా చెబితే ఆయన నవ్వి, ఇంకెవరినైనా చూసుకునేవాడు. నేను కారు తలుపు పట్టుకుని, "దేవుడు వద్దంటున్నాడు సార్," అన్నాను.

ఆయన కళ్ళు నా ముఖం మీదే ఉన్నాయి. తర్వాత, హాల్లో కేడెట్లకు నేర్పినట్టే, విన్న ఆర్డరును తిరిగి చెప్పాడు. "దేవుడు వద్దన్నాడు. నీకు సెప్పినాడు. నువ్వు నాకు సెప్పినావు. అంతేనా?"

"అంతే సార్."

"అయితే వద్దు," అని ఉత్తరాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎందుకని అడగలేదు. పైవాడి ఆర్డరుకు ఎందుకని అడగడు ఆయన.

నేను అనుకున్నది వేరు. నా సంతకం దొరక్కపోతే వేరే సంఘాన్ని వెతుక్కుంటాడనుకున్నాను. మరునాడు ఆయన ఆ ముసలివాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఈ భవనం మాకు దేవుని చిత్తం కాదట, క్షమించండి అని చెప్పి వచ్చాడు. తర్వాతి శనివారం పిల్లలందరినీ వరసలో నిలబెట్టి అదే చెప్పాడు. దేవుడే వద్దన్న స్కూలు ఈ హాల్లో మాత్రం ఎందుకన్నాడు. అకాడమీ మూసేశాడు.

ఆ రోజు నేల మీది టేపు పీకడానికి నేను కూడా మోకాళ్ళ మీద కూర్చున్నాను. టేపుతోపాటు నేల మీది మెరుగు కూడా ఊడి వచ్చింది. వరస ముందు నిలబడే ఆ అమ్మాయి నా పక్కన కూర్చుని టేపును ఉండలా చుడుతూ ఇంగ్లీషులో మెల్లగా అడిగింది, "అంకుల్, ఎందుకు వద్దన్నాడో చెప్పాడా?"

"ఆయన ఆలోచనలు మనకు తెలియవమ్మా," అన్నాను.

ఆ అమ్మాయి తల ఊపింది. ఆ ఉండను చెత్తబుట్టలో వేయకుండా తన బ్యాగులో వేసుకుంది.

నా భార్యకు సంగతి భోజనాల దగ్గర ఎవరో చెప్పారు. కారులో ఇంటికి వస్తూ అడిగింది.

"దేవుడు వద్దన్నాడా? నీతోనా?"

"ఆఁ."

"ఎప్పుడు? నేను ఇంట్లోనే ఉన్నాగా."

నేను సిగ్నల్ వేసి లేన్ మారాను.

"వంకాయ కూర వద్దంటే వద్దని నీ నోటితో చెప్తావుగా," అంది. "ఇదొక్కటీ ఆయనతో చెప్పించావా?" తర్వాత ఆ సంగతి ఎత్తలేదు. ఆమె ఊరుకోవడం నాకు తిట్టుకన్నా బరువుగా ఉండేది. "ఎవరి ఆర్డర్?" అనే మాట కూడా మా ఇంట్లో ఆగిపోయింది.

ఆ ఏడాది చివర నా గ్రీన్ కార్డ్ వచ్చింది. మా సంఘం ఆచారం ప్రకారం ఆదివారం లేచి సాక్ష్యం చెప్పాను. పదకొండేళ్ళు కనిపెట్టుకున్నాను, ప్రభువు నమ్మదగినవాడు అన్నాను. అందరికన్నా ముందు, అందరికన్నా గట్టిగా "ఆమెన్" అన్నది చివరి వరసలోనుంచి. ఆయనే. నా కోసం నిజంగా సంతోషపడ్డాడు. నేను మైకు పట్టుకుని తర్వాత ఏం చెప్పాలో మరిచిపోయాను. అందరూ అది పరిశుద్ధాత్మ తాకిడి అనుకున్నారు. కొందరు కన్నీళ్ళు పెట్టుకున్నారు కూడా.

ఆ మంగళవారం ఆఫీసుకు సెలవు పెట్టి ఆయన పనిచేసే టోర్టిల్లా రొట్టెల ఫ్యాక్టరీకి వెళ్ళాను. పన్నెండింటికి ఆయన బయటికి వచ్చి, ట్రక్కుల పక్కనున్న బల్ల దగ్గర అన్నం డబ్బా తెరిచాడు. నన్ను చూసి జరిగి చోటిచ్చాడు. డబ్బా నా వైపు తోశాడు. నేను తినలేదు.

"సార్, ఆ రోజు దేవుడు వద్దనలేదు."

ఆయన నములుతూనే ఉన్నాడు. "మరెవరన్నారు?"

"నేనే. గ్రీన్ కార్డ్ పోతుందని భయపడ్డాను."

"దేవుణ్ణి అడిగినావా?"

"లేదు సార్. అసలు అడగలేదు."

డబ్బాకు మూత పెట్టాడు. మూడు వేళ్ళ చేత్తో దాన్ని నొక్కి, సరిగ్గా బిగిసిందో లేదో చూసుకున్నాడు.

"ఎవరి ఆర్డరు?"

"నాది సార్."

"మళ్ళీ సెప్పు."

"నాది."

ట్రక్కు ఒకటి వెనక్కి వస్తూ కూత పెడుతోంది. అది ఆగాక నా వైపు తిరిగాడు. "మా కల్నలొచ్చి ఇలాగ సెప్తాడని సానా రోజులు సూసినాను. ఆడు రానేదు. నువ్వొచ్చినావు," అన్నాడు.

నాకు ఏడుపు వచ్చింది. ఆయన విసుక్కున్నాడు. "ఎదవ మొకం పెట్టకు. సెమించడం నా పని, సేస్తాను. ఇవ్వాలే అవదు. ముందు నీ పని సెయ్యి."

"ఆ భవనం మళ్ళీ అడుగుదామా సార్? ఇప్పుడే సంతకం పెడతాను."

"అమ్మీసినారు. ఇప్పుడక్కడ ట్రాక్టర్లు పెడుతున్నారు." డబ్బా పక్కకు జరిపి అన్నాడు, "నానేటి సేసినానో తెలుసా నీకు? నా పిల్లల్ని నిలబెట్టి దేవుడు వద్దన్నాడని సెప్పినాను. ఇరవై ముగ్గురికి. అబద్దపు ఆర్డరు నా నోటితో అందించినాను. ఇది రెండోసారి తమ్ముడూ. ఒకసారి కల్నలు. ఒకసారి నువ్వు."

అక్కడిదాకా నేను చేసిన తప్పు ఒక భవనం పోగొట్టడం అనుకుంటున్నాను. ఆయన జీవితంలో ఏ పని మళ్ళీ చేయనని దేశం వదిలి వచ్చాడో, సరిగ్గా ఆ పనే ఆయనతో చేయించాను. అది కూడా దేవుని పేరుతో.

"ఇప్పుడు నేనేం చేయాలి సార్?"

"ఆర్డరు ఏ దారిన ఎల్లిందో, తప్పని సెప్పీ మాట కూడా ఆ దారినే ఎల్లాల. ఒక్కొక్కరికీ సెప్పాల. నాను సెప్పను. నువ్వెల్లి సెప్పు. ఫోన్లో కాదు, ఎదురుగా."

జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీసి ఒక పేజీ చించి ఇచ్చాడు. ఇరవై మూడు పేర్లు, పొందికైన చేతిరాత. అంతకాలం అది ఆయన జేబులోనే ఉంది.

ఆ సాయంత్రమే పాస్టర్ గారికి అంతా చెప్పి తాళాలు ఇచ్చేశాను. నేను టైప్ చేసిన నియమం ప్రకారం ఆ రోజే వదలాలి. పాస్టర్ గారు వాటిని తిరిగి ఇవ్వబోయారు కానీ నా భార్య, "ఉంచుకోండి పాస్టర్ గారూ," అని తాళాలు ఆయన చేతిలో పెట్టింది.

అప్పటినుంచి నా శనివారాలు ఆ పేజీతో గడిచాయి. ఒక కుర్రవాడు నేను చెప్పింది విని, "అదా, మాకు తెలుసు అంకుల్," అని నవ్వాడు. అతని నవ్వులో గౌరవం లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. ఒక తండ్రి నన్ను గుమ్మంలోనే నిలబెట్టి, పూర్తిగా విని, తలుపు వేసేశాడు. ఒకతను అప్పటినుంచి చర్చికి వెళ్ళడం మానేశానని చెప్పాడు, దేవుడు తమలాంటివాళ్ళకు స్కూలు కూడా వద్దంటాడా అని. అతని ఎదురుగా నేను నిలబడి, అది దేవుడు కాదు, నేను అన్నాను. నమ్మాడో లేదో తెలియదు. ఇప్పటికీ రాలేదు.

ఇరవై రెండు పేర్లు అయ్యాయి. మిగిలింది వరస ముందు నిలబడే ఆ అమ్మాయి. అకాడమీ మూతబడిన కొన్ని నెలలకు ఆమె వెనక్కి, బర్మా సరిహద్దు దగ్గరికి వెళ్ళింది, అక్కడి శిబిరాల్లో గాయాలకు కట్లు కట్టేదట. తర్వాత సరిహద్దు దాటి లోపలికి వెళ్ళింది. ఆమె ఫోను కలవదు. వాళ్ళమ్మకు కూడా కబురు లేదు. వాళ్ళమ్మ ఇంట్లో ఆమె గది తలుపు వెనక, మేకుకు, ఆ నీలం టేపు ఉండ వేలాడుతూ ఉంది. మేజర్ గారు తన ఫ్యాక్టరీ పని తర్వాత మళ్ళీ నలుగురైదుగురికి ఒక అపార్ట్‌మెంట్ గదిలో మ్యాపులు చెబుతున్నాడు. నాతో మాట్లాడతాడు. క్షమించాడా అని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

చదువుతున్న సోదరీ సోదరులారా, నా మనసు తేలికపడాలని ప్రార్థించకండి. అది బరువుగానే ఉండనివ్వండి. నాతో కలిసి ఆ అమ్మాయి కోసం ఒక్కసారి తల వంచండి. ప్రభువా, ఆమె ఎక్కడ ఉన్నా ఆమెను సజీవంగా కాపాడు. ఎవరి నోటనైనా, ఏ దారినైనా, ఈ మాట ఆమెకు చేరనివ్వు. ఎందుకు వద్దన్నాడని ఆమె నన్ను అడిగింది. నువ్వు వద్దనలేదని ఆమెకు తెలియనివ్వు. ఆమె దగ్గర నా పేరు పాడైనా ఫరవాలేదు, నీ పేరు పాడుకానివ్వకు. ఆమెన్.